మైలేజీకి ప్రమాణమేది?

వాహనం నడిపే ప్రతి మనిషికీ ఇంధనం గురించి ఒక సొంత సిద్ధాంతం ఉంటుంది. తెల్లవారుజామున కొట్టించిన పెట్రోలు చిక్కగా ఉండి ఎక్కువ దూరం వస్తుందని ఒకరు నమ్మితే, పల్లంలో బండిని న్యూట్రల్‌లో వదిలితే చుక్క కూడా ఖర్చుకాదని మరొకరు, అరవై దాటకుండా నడిపితే లీటరుకు రెండు కిలోమీటర్లు కలిసివస్తాయని ఇంకొకరు నమ్ముతారు. బొగ్గు తవ్వే సింగరేణి, ఆ బొగ్గును మండించి కరెంటు తీసే ఎన్టీపీసీ పక్కపక్కనే ఉన్న రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో ఇంధనం కాలక్షేపానికి చెప్పుకునే విషయం కాదు, ఇంటింటి బతుకుదెరువు; అందుచేత ఇటువంటి సిద్ధాంతాలు ఇక్కడ ఎక్కువగానే పుడతాయి, పట్టుదలగానే నిలబడతాయి. తానే ఊహించి, తానే గమనించి, తానే తీర్పు చెప్పుకున్న ఒక నమ్మకం ఎప్పుడు జ్ఞానం అవుతుంది అన్న ప్రశ్న వీటన్నిటి వెనుకా ఉంది. పైకి మెకానిక్కును అడగవలసిన ప్రశ్నలా కనిపించినా, దీనికి లోతైన చర్చ భారతీయ దర్శనాలలో, ముఖ్యంగా న్యాయదర్శనంలో జరిగింది.

గౌతముని న్యాయసూత్రాలు మొదట్లోనే పదహారు పదార్థాల తత్త్వజ్ఞానం వల్ల నిశ్శ్రేయసం, అంటే అంతకు మించినది లేని శ్రేయస్సు, కలుగుతుందని ప్రతిజ్ఞ చేస్తాయి. ఆ పదహారింటిలో ఆత్మ, మోక్షం వంటివన్నీ ‘ప్రమేయం’ అనే ఒక్క పదార్థం కిందికే వస్తాయి. మిగిలిన వాటిలో ప్రమాణం, సంశయం, దృష్టాంతం, తర్కం, నిర్ణయం, వాదం, హేత్వాభాసం మొదలైనవి ఒక మాట నిజమో కాదో తేల్చుకోవడానికి పనికివచ్చే సాధనాలు. రెండో సూత్రం దుఃఖానికి మూలం మిథ్యాజ్ఞానం అని, దాని నుండి రాగద్వేషాది దోషాలు, దోషాల నుండి ప్రవృత్తి, ప్రవృత్తి నుండి జన్మ, జన్మ నుండి దుఃఖం పుడతాయని, మొదటిది తొలగితే తక్కినవి వరుసగా తొలగుతాయని చెబుతుంది. ఆ మిథ్యాజ్ఞానం ప్రధానంగా ఆత్మాది ప్రమేయాలకు సంబంధించినదే అని భాష్యకారుడు వాత్స్యాయనుడు వివరించిన మాట నిజమే అయినా, దాన్ని పోగొట్టే పరికరాలకు పదును పెట్టడానికి శాస్త్రకారులు ఎంచుకున్నవి మాత్రం కొండ మీది పొగ, వంటింటి నిప్పు, కుండ, దారం వంటి అతి సామాన్య వస్తువులు. మోక్షం కోరే శాస్త్రానికి వంటింటి నిప్పు చిన్న విషయం కానప్పుడు కారు ట్యాంకులోని పెట్రోలు కూడా చిన్న విషయం కాదు. చిన్న విషయంలో తనను తాను మభ్యపెట్టుకోవడం అలవాటైన బుద్ధి, పెద్ద విషయంలో ఒక్కసారిగా నిజాయితీ తెచ్చుకోగలదని నమ్మడానికి ఆధారం లేదు.

పొగను చూసి నిప్పును ఊహించే ఉదాహరణ న్యాయశాస్త్రం చదవని వారికి కూడా తెలిసినదే. 17వ శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు బాలురకు తర్కం సుళువుగా పట్టుబడాలని రచించిన తర్కసంగ్రహం, దానికి ఆయనే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్య, ఈ ఉదాహరణను దేశమంతటా పాఠశాలల్లోకి తీసుకుపోయాయి. అక్కడ కొండ ‘పక్షం’, అంటే దేన్ని గురించి నిర్ణయించాలో ఆ చోటు. నిప్పు ‘సాధ్యం’, అంటే నిరూపించవలసినది. పొగ ‘హేతువు’, అంటే కారణంగా చూపేది. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న తప్పిపోని సంబంధానికి ‘వ్యాప్తి’ అని పేరు. వ్యాప్తి లేనిదే అనుమానం, అంటే ఊహించి తెలుసుకునే జ్ఞానం, నిలవదు.

అయితే ఈ ఉదాహరణను తిరగేస్తే అసలు పాఠం మొదలవుతుంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది గనుక నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందా అంటే, కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంటుంది గాని పొగ ఉండదు. వంటింట్లో నిప్పుతో పాటు పొగ కనిపించడానికి కారణం నిప్పు ఒక్కటే కాదు, నిప్పుకు తగిలిన తడి కట్టె. ఇలా హేతువుకు, సాధ్యానికి మధ్య చాటుగా నిలబడి, లేని వ్యాప్తిని ఉన్నట్టు చూపించే మూడో అంశాన్ని నైయాయికులు ‘ఉపాధి’ అన్నారు. దాని లక్షణం కూడా కచ్చితంగా చెప్పారు: సాధ్యం ఉన్న ప్రతిచోటా ఉపాధి ఉంటుంది, హేతువు ఉన్న ప్రతిచోటా మాత్రం ఉండదు. పొగ ఉన్న ప్రతిచోటా తడి ఇంధనం ఉంటుంది, నిప్పు ఉన్న ప్రతిచోటా ఉండదు. కాబట్టి పొగకు బాధ్యత తడి ఇంధనానిది. మైలేజీ గురించి మనుషులు కట్టుకునే సిద్ధాంతాలలో చాలా మట్టుకు ఈ తడి కట్టె దగ్గరే చెడతాయి.

గోదావరిఖనిలో ఈ పాఠానికి గ్రంథం తెరవవలసిన పని లేదు. తవ్వి కుప్పపోసిన బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తనంత తానే వేడెక్కి, ఎవరూ నిప్పు పెట్టకుండానే రాజుకుంటుంది; కుప్ప పైన పొగ కనిపిస్తే లోపల నిప్పు ఉన్నట్టే. కానీ వాన వెలిసిన తరువాత, ఎండకు కాగి ఉన్న అదే కుప్ప నుండి ఆవిరి లేస్తే, దూరం నుండి అది కూడా పొగలాగే ఉంటుంది. అనుభవం ఉన్న కార్మికుడు చూపు ఒక్కదాన్ని నమ్మడు. దగ్గరకు పోయి వాసన పడతాడు, ఆవిరి కొద్దిసేపట్లో విడిపోతుందో లేక ఒకేచోట నుండి వస్తూనే ఉందో చూస్తాడు, వేడి కొలుస్తాడు. భూగర్భ గనిలో, బొగ్గు తీసేసి వదిలిన గోఫ్‌లో ఏం జరుగుతున్నదో కంటికి అసలే కనబడదు గనుక, అక్కడి గాలి నమూనాలో కార్బన్ మోనాక్సైడు ఎంత ఉందో చూస్తారు. అయితే కొత్త గాలి ఎక్కువగా దూరితే ఆ వాయువు పలచబడి, లోపల వేడి పెరుగుతున్నా అంకె చిన్నదిగా వస్తుంది. ఈ చిక్కును తప్పించడానికి 20వ శతాబ్దపు తొలి దశకాలలో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఐవన్ గ్రాహం ఒక నిష్పత్తిని ప్రతిపాదించాడు: పుట్టిన కార్బన్ మోనాక్సైడును, తగ్గిపోయిన ఆక్సిజన్‌తో భాగించి వందతో గుణించాలి. కొత్త గాలి కలిసినప్పుడు రెండూ ఒకే పాళ్ళలో పలచబడతాయి కాబట్టి నిష్పత్తి మారదు. నిష్పత్తి పెరిగిందంటే లోపల వేడి పెరిగిందనే అర్థం. ఉపాధిని గుర్తించడమే కాక, కొలతలోనే దానికి చోటు లేకుండా చేయడం ఎలాగో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ దొరకడం కష్టం. అందులోనూ ఇది గని కార్మికుల ప్రాణాలు కాపాడే లెక్క.

ఇప్పుడు కారు వైపు చూడవచ్చు. గోదావరిఖని నుండి హైదరాబాదుకు రాజీవ్ రహదారి మీద సుమారు 225 కిలోమీటర్లు. ఒక వాహనదారు పోయేటప్పుడు ఎప్పటిలాగా ఎనభైలో పోయి, వచ్చేటప్పుడు అరవై దాటకుండా వచ్చి, రెండుసార్లూ ట్యాంకు నింపి లెక్క చూసుకుని, లీటరుకు కిలోమీటరున్నర ఎక్కువ వచ్చిందని సంతోషించాడనుకోవాలి. అతని దృష్టిలో హేతువు నిదానం, సాధ్యం మైలేజీ, వ్యాప్తి రుజువైంది. కానీ రామగుండం సముద్రమట్టానికి సుమారు 180 మీటర్ల ఎత్తున ఉంటే హైదరాబాదు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. దారిలో ఎక్కడా కొండ ఎక్కినట్టు అనిపించకపోయినా, పోయే బండి మొత్తం మీద 360 మీటర్లు పైకి ఎక్కుతుంది, వచ్చే బండి అంత కిందికి దిగుతుంది. మనుషులతో కలిపి 1,200 కిలోల బరువున్న కారును అంత ఎత్తుకు చేర్చడానికి సుమారు 42 లక్షల జౌళ్ళ శక్తి కావాలి. లీటరు పెట్రోలులో సుమారు 3 కోట్ల 20 లక్షల జౌళ్ళ శక్తి ఉన్నా, దానిలో నాలుగో వంతు మాత్రమే చక్రాలకు చేరుతుందని తీసుకుంటే, ఎత్తు ఒక్కటే దాదాపు అర లీటరు తాగుతుంది. చదునైన దారిలో 18 కిలోమీటర్లు ఇచ్చే కారుకు ఈ ప్రయాణంలో పన్నెండున్నర లీటర్లు పట్టాలి. పోయేటప్పుడు అది 13 అవుతుంది, బ్రేకుల్లో వృథా పోకుండా దిగితే వచ్చేటప్పుడు 12కు తగ్గుతుంది. అంటే పోయేటప్పుడు లీటరుకు 17.3, వచ్చేటప్పుడు 18.75 కిలోమీటర్లు: వేగం మార్చకుండానే, ఏ మందూ కలపకుండానే, కిలోమీటరున్నర తేడా దారిలోనే ఉంది.

ఎత్తు ఒక్కటే కాదు. హైదరాబాదు రామగుండానికి దక్షిణ నైరుతి దిక్కున ఉంది. వానాకాలంలో నైరుతి, పడమటి గాలులు వీచేటప్పుడు పోయే బండికి గాలి ఎదురు, వచ్చే బండికి వెన్నుదన్ను. ఎండలు 45 డిగ్రీలు దాటే రామగుండం వేసవిలో పగటిపూట ఏసీ వేసుకుని పోయి, రాత్రి చల్లబడ్డాక అద్దాలు దించుకుని వస్తే అదొక తేడా. పంపు గన్ను తనంత తాను ఆగిపోయే చోటు బంకుకు బంకుకు మారుతుంది, బండి నిలిపిన వాలును బట్టి మారుతుంది. అర లీటరు అటూ ఇటూ కావడం మామూలే, అది పన్నెండు లీటర్లలో నాలుగు శాతం. ఇవన్నీ తడి కట్టెలే. పైగా ఎత్తు, గాలి, చల్లదనం మూడూ ఒకే వైపు, అతని సిద్ధాంతానికి అనుకూలంగా మొగ్గుతున్నాయి కాబట్టి ఒకదానినొకటి కొట్టివేసుకునే అవకాశం కూడా లేదు.

ఇందులో మరింత లోతైన చిక్కు ఒకటి ఉంది. నిదానంగా నడిపితే ఇంధనం ఆదా అవుతుందన్నది నిజం. గాలి అడ్డుకునే బలం వేగపు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది; అరవైలో ఉన్నదానికి ఎనభైలో అది దాదాపు 1.8 రెట్లు. అంటే ఆ వాహనదారు చేరుకున్న నిర్ణయం సరైనదే, చేరుకున్న దారి మాత్రం తప్పు. ఇటువంటి జ్ఞానాన్ని జ్ఞానం అనవచ్చునా? 8వ శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మోత్తరుడు ఈ ప్రశ్ననే పరీక్షించాడు. మాంసం కాల్చడానికి ఎవరో అప్పుడే నిప్పు రాజేశారు, ఇంకా పొగ లేవలేదు, మాంసం వాసనకు ముసిరిన ఈగల గుంపును దూరం నుండి చూసి పొగ అనుకున్నవాడు అక్కడ నిప్పు ఉందని ఊహించాడు. నిప్పు నిజంగానే ఉంది. అయినా అది ప్రమాణజన్యమైన జ్ఞానం కాదన్నది ఆయన నిర్ణయం. 12వ శతాబ్దంలో శ్రీహర్షుడు ఖండనఖండఖాద్యంలో ఇలా కాకతాళీయంగా నిజమైన తలపులనే చూపించి, ప్రమకు, అంటే యథార్థ జ్ఞానానికి, నైయాయికులు చెప్పే లక్షణాలు నిలవవని వాదించాడు. పాశ్చాత్య దేశాలలో 1963లో ఎడ్మండ్ గెటియర్ రాసిన చిన్న వ్యాసం తరువాత ఇదే ప్రశ్న మీద పెద్ద చర్చ నడిచింది. ఈగల గుంపు ఒకసారి నిప్పు దగ్గరకు తీసుకుపోయినా, దాన్ని నమ్ముకున్నవాడు రేపు నిప్పు లేనిచోట కూడా నిప్పు చూస్తాడు. పోను ఎనభై, రాను అరవై లెక్కతో తృప్తిపడినవాడు రేపు అదే దారిలో, అదే దిశలో, ఎవరో అమ్మిన సీసాలోని ద్రవాన్ని వచ్చేటప్పుడు ట్యాంకులో పోసి చూస్తే, అదే కిలోమీటరున్నర మళ్ళీ కనిపిస్తుంది. ఈసారి నిర్ణయం కూడా తప్పే.

దీనికి శాస్త్రం చెప్పిన విరుగుడు అన్వయవ్యతిరేకాలు. హేతువు ఉంటే సాధ్యం ఉండడం అన్వయం. సాధ్యం లేకపోతే హేతువు కూడా లేకపోవడం వ్యతిరేకం. బౌద్ధులలో దిఙ్నాగుడు మంచి హేతువుకు మూడు లక్షణాలు చెప్పాడు: అది పక్షంలో ఉండాలి, సపక్షంలో, అంటే సాధ్యం నిశ్చయంగా ఉన్నచోట ఉండాలి, విపక్షంలో, అంటే సాధ్యం నిశ్చయంగా లేనిచోట ఉండకూడదు. రామగుండానికి ఎంతో దూరం లేని ధూళికట్టలో శాతవాహనుల కాలపు బౌద్ధస్తూపం ఉన్నదని తలచుకుంటే, బౌద్ధ చింతన ఈ నేలకు పరాయిది కాదని తెలుస్తుంది. మనుషులకు అన్వయం చూడడం సహజంగా వస్తుంది, వ్యతిరేకం చూడడం ఎవరైనా నేర్పితే గాని రాదు. కొత్త పద్ధతి పాటించిన రోజున మైలేజీ పెరిగిందా అని అందరూ చూస్తారు; పాటించని రోజున కూడా పెరిగిందా అని చూసేవారు అరుదు.

భారీ వాహనాల ఇంధన పరీక్షకు అమెరికా ఇంజనీర్ల సంఘం నిర్ణయించిన ఎస్‌ఏఈ జె1321 అనే పద్ధతి ఈ వ్యతిరేకానికి ఒక రూపమిచ్చింది. రెండు ఒకేలాంటి బండ్లను ఒకే దారిలో, ఒకే సమయంలో నడుపుతారు. ఒకదానిలో ఏ మార్పూ చేయరు, రెండోదానిలో పరీక్షించదలచిన మార్పు చేస్తారు. రెండింటి ఇంధన ఖర్చుల నిష్పత్తిని మార్పుకు ముందు, తరువాత పోల్చి చూస్తారు. ఎత్తు, గాలి, ఎండ రెండింటికీ సమానం కాబట్టి నిష్పత్తిలో వాటి జాడ ఉండదు. గ్రాహం నిష్పత్తిలో ఉన్న తెలివి ఇదే. ఓపెన్‌కాస్టు గనిలో డంపర్లు నడిపేవారికి ఇది కొత్తేమీ కాదు. అక్కడ డీజిలును కిలోమీటర్లలో లెక్కించడం వల్ల ప్రయోజనం లేదు. గంటకు ఎన్ని లీటర్లు, తీసిన మట్టి ఘనపు మీటరుకు ఎంత డీజిలు అని చూస్తారు, అప్పుడు కూడా లీడు, లిఫ్టు, అంటే మోసిన దూరం, ఎక్కిన ఎత్తు ఒకటే అయితే గాని ఇద్దరు ఆపరేటర్లను పోల్చడం న్యాయం కాదు. గని అడుగు నుండి పదహారుకు ఒకటి వాలున్న దారి ఎక్కి వచ్చే డంపరు డీజిలును, పైన చదునులో తిరిగే డంపరు డీజిలుతో పోల్చి ఒకరిని మెచ్చుకొని మరొకరిని మందలిస్తే, అది తార్కిక దోషం మాత్రమే కాదు, అన్యాయం. ఉపాధిని చూడకపోవడం వల్ల మనుషులకు నష్టం జరుగుతుంది.

కొలబద్ద కూడా మారిపోవచ్చునన్న సంగతి విద్యుత్ కేంద్రం దగ్గర తెలుస్తుంది. 1983లో మొదటి యూనిట్‌తో మొదలై 2,600 మెగావాట్లకు పెరిగిన రామగుండం ఎన్టీపీసీ వంటి కేంద్రంలో యూనిట్ కరెంటుకు ఎన్ని కిలోల బొగ్గు పట్టిందన్నది పూర్తి లెక్క కాదు, ఎందుకంటే కిలో బొగ్గులో ఉండే వేడి గనిని బట్టి, పొరను బట్టి, బూడిదను బట్టి మారుతుంది. వానాకాలంలో తడిసిన బొగ్గు తన వేడిలో కొంత నీటిని ఆవిరి చేయడానికే ఖర్చుపెడుతుంది. అందుకే ఇంజనీర్లు కిలోలను వదిలి, యూనిట్‌కు ఎన్ని కిలోకేలరీలు అని లెక్కిస్తారు; యూనిట్ కరెంటులో ఉన్న శక్తి 860 కిలోకేలరీలు కాబట్టి మిగిలినది ఎంత వృథా అయిందో అప్పుడు తెలుస్తుంది. పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నందువల్ల దాని లీటరుకు కూడా ఇప్పుడు ఇదే స్థితి వచ్చింది. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. 20 శాతం ఇథనాల్ కలిసిన లీటరులో శుద్ధమైన పెట్రోలు కంటే సుమారు 7 శాతం శక్తి తక్కువగా ఉంటుంది. ఇథనాల్‌కు తగినట్టు సర్దిన ఇంజను ఈ లోటులో కొంత పూడ్చుకోగలదు; 2021లో నీతి ఆయోగ్ నివేదిక కూడా కారు రకాన్ని బట్టి మైలేజీ తగ్గుదల 1–2 శాతం నుండి 6–7 శాతం వరకు ఉండవచ్చునని అంచనా వేసింది. ఐదేళ్ళ కిందటి పుస్తకంలో రాసుకున్న మైలేజీని నేటి మైలేజీతో పోల్చి ఇంజను పాడైందనో, డ్రైవరు పాడుచేశాడనో అనుకునేవారు, లీటరు అన్న మాట మారలేదు గాని లీటరులోని సరుకు మారిందని గమనించాలి.

తెల్లవారుజాము పెట్రోలు సిద్ధాంతాన్ని కూడా ఇక్కడే తేల్చవచ్చు. డిగ్రీ వేడికి పెట్రోలు సుమారు వెయ్యింట ఒక వంతు వ్యాకోచిస్తుందన్నది నిజం, చల్లని పెట్రోలు చిక్కన అన్నదీ నిజం. కానీ బంకులో పెట్రోలు ఉండేది భూమిలో పాతిన ట్యాంకులో. బయట పగటికీ రాత్రికీ పదిహేను డిగ్రీల తేడా ఉన్నా ఆ లోతులో వేడి పెద్దగా మారదు. నిజమైన వ్యాప్తి ఉండి కూడా హేతువు పక్షంలో లేకపోవడం అనే ఈ దోషానికి ‘స్వరూపాసిద్ధి’ అని శాస్త్రంలో పేరు. న్యూట్రల్ సిద్ధాంతం వేరే విధమైనది. కార్బ్యురేటరు కాలంలో దానికి కొంత ఆధారం ఉండేది. ఇంజెక్షన్ ఇంజన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలితే కంప్యూటరు ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తుంది, న్యూట్రల్‌లో వేస్తే ఇంజను ఆగకుండా ఉండడానికి మళ్ళీ పోయవలసి వస్తుంది. ఆదా లేకపోగా, పల్లంలో ఇంజను పట్టు పోయి బండి అదుపు తప్పే ప్రమాదం కొత్తగా వచ్చి చేరుతుంది. తండ్రి నాటి నిజం కొడుకు నాటికి అబద్ధమైనా, తండ్రి మీది గౌరవం వల్ల అది నిజంగానే చెల్లుబాటు అవుతూ ఉంటుంది.

ఒక నమ్మకాన్ని అసలు పరీక్షించవలసిన అవసరమే లేదనే పక్షం కూడా దర్శనాలలో ఉంది, అది తేలికగా తోసివేయదగినది కాదు. మీమాంసకులు, వారిలో ముఖ్యంగా కుమారిల భట్టు, జ్ఞానానికి ప్రామాణ్యం స్వతస్సిద్ధమని, దాన్ని తప్పని చూపే బాధకం ఏదైనా ఎదురయ్యేవరకు అది ప్రమాణమేనని వాదించారు. దీనికి స్వతఃప్రామాణ్యవాదం అని పేరు. నైయాయికులది పరతఃప్రామాణ్యవాదం: జ్ఞానం సరైనదో కాదో ఆ జ్ఞానం వల్లనే తెలియదు, దాన్ని బట్టి పని చేసినప్పుడు ఫలించిందా లేదా అన్న మరొక ఆధారం నుండి తెలుస్తుంది. దైనందిన జీవితంలో మీమాంసకుల మాటే నడుస్తుంది. ప్రతి అడుగునూ పరీక్షించి వేయాలనుకునేవాడు గడప దాటలేడు. కానీ సొంత సిద్ధాంతం సంగతి వేరు. బాధకం తనంత తాను ఎదురుపడాలంటే దాన్ని చూడగల కన్ను తెరిచి ఉండాలి. సిద్ధాంతాన్ని కన్నవాడే దాని కాపలాదారు కూడా అయినప్పుడు, బాధకం గుమ్మం దాకా వచ్చినా లోపలికి రానివ్వడు. మైలేజీ తగ్గిన రోజున ట్రాఫిక్ ఎక్కువగా ఉండెనంటాడు, పెరిగిన రోజున ట్రాఫిక్ గుర్తుకు రాదు. కాబట్టి ఇతరుల మాట విషయంలో కుమారిలుని మార్గం చాలినా, తన సొంత ఊహ విషయంలో నైయాయికుని మార్గమే శ్రేయస్కరం.

రాగం, ద్వేషం, మోహం మూడింటినీ న్యాయసూత్రాలు దోషాలుగా చెప్పడంలో ఉన్న అర్థం ఇక్కడ విశదమవుతుంది. రాగం తార్కిక పరిభాషలో ఉపాధి కాదు, కానీ ఉపాధులను కనబడకుండా కప్పే తెర అదే. వాత్స్యాయనుడు ఆప్తుణ్ణి, అంటే మాట నమ్మదగిన మనిషిని, వస్తువును సాక్షాత్తుగా ఎరిగి, ఎరిగినదాన్ని ఎరిగినట్టే చెప్పాలన్న కోరిక గలవాడని వివరించి, ఈ లక్షణం ఋషికి, ఆర్యునికి, మ్లేచ్ఛునికి ఒకే విధంగా వర్తిస్తుందని స్పష్టం చేశాడు. కులం, చదువు, పదవి ఇందులో అడ్డురావు. తన డంపరు ఈ షిఫ్టులో ఎక్కువ డీజిలు తాగిందని ఉన్నదున్నట్టు రాసే ఆపరేటరు ఆ విషయంలో ఆప్తుడు. తన సిద్ధాంతానికి అడ్డువచ్చిన అంకెను పుస్తకంలో రాయకుండా వదిలేసిన పండితుడు ఆప్తుడు కాడు.

దైవభక్తి ఈ చర్చకు అడ్డు వస్తుందా అన్న సందేహం కొందరికి కలగవచ్చు. దసరాకు సింగరేణిలో యంత్రాలకు, ఇళ్ళ ముందు బండ్లకు పూజ చేసి, నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొడతారు. అది అన్నం పెట్టే పనిముట్టు పట్ల కృతజ్ఞత, ప్రమాదం జరగకూడదన్న ప్రార్థన. దానికి మైలేజీతో పరీక్ష పెట్టడం ప్రశ్నను అర్థం చేసుకోకపోవడమే. కానీ ఎవరైనా ఒక యంత్రమో తాయెత్తో కట్టుకుంటే లీటరుకు మూడు కిలోమీటర్లు ఎక్కువ వస్తాయని చెప్పి అమ్మితే, ఆ మాట ప్రత్యక్షానుమానాల పరిధిలోకి వచ్చి పడింది, అక్కడి తీర్పుకు తలవంచక తప్పదు. శాస్త్రానికి ప్రామాణ్యం ప్రత్యక్షానుమానాలకు అందని విషయాలలోనే అని మీమాంసకులు హద్దు గీశారు. నిప్పు చల్లనిదని వంద శ్రుతివాక్యాలు చెప్పినా అవి ప్రమాణం కాజాలవని శంకరులు గీతాభాష్యంలో అన్నారు. శ్రుతికే వర్తించిన ఈ హద్దు, తాయెత్తుకూ, ఇంధనపు గొట్టానికి కట్టే అయస్కాంతానికీ మరింతగా వర్తిస్తుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇంధనం ఆదా చేస్తాయన్న ప్రకటనలతో వచ్చిన వందకు పైగా పరికరాలను పరీక్షించగా, చెప్పుకోదగ్గ ఆదా చూపినవి బహు కొద్ది. పొరుగున తమిళనాడులో 1996లో నీటితో, ఆకులతో పెట్రోలు చేస్తానని దేశమంతటినీ ఆకర్షించిన రామర్ పిళ్ళైకి 2016లో చెన్నై కోర్టు మోసం నేరం మీద శిక్ష విధించింది. నమ్మినవారిలో చదువుకున్నవారు తక్కువేమీ కారు.

ఇన్ని ఉపాధులను తోసివేసిన తరువాత కూడా కనబడనిది మరొకటి ఉండవచ్చు కదా అని చార్వాకులు అడిగారు. వ్యాప్తిని ఎన్నటికీ పూర్తిగా నిశ్చయించలేమన్న వారి ఆక్షేపణకు 10వ శతాబ్ది ప్రాంతపు ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో ఇచ్చిన సమాధానం ఆచరణకు దగ్గరగా ఉంటుంది: సందేహానికి హద్దు, సందేహించేవాడి సొంత ప్రవర్తన. పొగ కావాలంటే నిప్పు రాజేసేవాడు, ఆకలి తీరాలంటే అన్నం తినేవాడు కార్యకారణ సంబంధాన్ని నోటితో కాదన్నా చేతితో ఒప్పుకుంటున్నాడు. అంటే పరీక్షకు అంతులేకపోవడం పరీక్ష మానుకోవడానికి సాకు కాదు. తెలిసిన ఉపాధులను తొలగించి, పని ఫలించినంత మేరకు ఒప్పుకొని, కొత్త బాధకం వస్తే విడిచిపెట్టడానికి సిద్ధంగా ఉండడమే ప్రామాణికమైన వైఖరి.

కాబట్టి గోదావరిఖని నుండి హైదరాబాదుకు పోయివచ్చే వాహనదారు తన సిద్ధాంతాన్ని నిజంగా పరీక్షించదలిస్తే, పోను రాను దూరాన్ని కలిపి ఒకే లెక్కగా తీసుకోవాలి. అదే బంకులో, అదే పంపు దగ్గర, బండిని అదే వాలులో నిలిపి ట్యాంకు నింపించాలి. టైర్ల గాలి, ఏసీ, ఎక్కిన మనుషులు మారకుండా చూడాలి. కొత్త పద్ధతి పాటించిన ప్రయాణాల తరువాత పాత పద్ధతికి మళ్ళీ వచ్చి, పెరిగిన మైలేజీ అప్పుడు తగ్గుతుందో లేదో చూడాలి. అన్నిటికంటే ముందు, ఏ అంకె వస్తే తన సిద్ధాంతం తప్పని ఒప్పుకుంటాడో దాన్ని బయలుదేరకముందే కాగితం మీద రాసి, తనతో ఏకీభవించని మనిషి ఒకరి చేతిలో పెట్టాలి.